సైబీరియాలో నాకు చెమటలు పట్టాయంటే నమ్మరు

పోయిన నెల సంచికలో రష్యాలో సైబీరియాలోని ఇర్కుట్స్క్ అనే ఊరికి మా ప్రయాణం గురించి రాసినదానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదండీ. 2024 ఫిబ్రవరిలో మావారూ నేనూ కాకినాడ నుంచి బయల్దేరి పన్నెండు రోజులు సైబీరియాలో తిరిగొచ్చిన సంగతి రెండు పేజీల్లో కుక్కి రాశాను, దాంతో చెప్పినదానికన్నా చెప్పనిదే ఎక్కువైపోయిందని చాలామంది కోప్పడ్డారు. ఎడిటర్ గారు ఈసారి కాస్త ఎక్కువ చోటిచ్చారు కాబట్టి వచ్చినవాటిలో కొన్ని తీసుకుని తీరిగ్గా రాస్తున్నాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే ఒకరిదే వేశాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

మాకు డిసెంబరులో పొద్దున్నే 18 డిగ్రీలుంటేనే మఫ్లర్లు బయటికొస్తాయి. మీరు మైనస్ డిగ్రీల్లో ఎలా బతికారు అక్కా? గొప్పలొద్దు, నిజం చెప్పండి.
- ఒక పాఠకురాలు, తణుకు

నిజం చెప్తే నవ్వుతావు చెల్లీ, అక్కడ నేను చలితో పడ్డ పాట్లకన్నా ఉక్కతో పడ్డ పాట్లే ఎక్కువ. ఊరికంతటికీ పవర్ స్టేషన్ల నుంచి వేడినీళ్ళు గొట్టాల్లో వస్తాయి, మనకి మున్సిపాలిటీ నీళ్ళొచ్చినట్టే, అవి ప్రతి గదిలో కిటికీ కింద ఉండే ఇనప రేడియేటర్లలో తిరిగి వెళ్తుంటాయి, సెప్టెంబరులో మొదలెడితే మే దాకా రాత్రీ పగలూ అదే పని. మా గెస్ట్‌హౌస్ గదిలో దాన్ని తగ్గించే మర కూడా లేదు. వేడి ఎక్కువైతే ఏం చేస్తారమ్మా అని ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగితే ఇంటావిడ కిటికీకి పైమూల ఉన్న చిన్న తలుపు తీసి చూపించింది, ఫోర్తచ్క అంటారట దాన్ని. అదీ వాళ్ళ రెగ్యులేటర్! బయట మైనస్ 24, లోపల నేను కాటన్ నైటీలో పడుకుని దుప్పటి తన్నేస్తున్నాను.

ఇక బయటికెళ్ళాలంటే పెళ్ళికూతుర్ని చేసినంత హడావిడి. లోపలి థర్మల్, దానిమీద ఉన్ని స్వెటరు, దానిమీద కోటు, టోపీ, స్కార్ఫ్, రెండు జతల గ్లవ్స్, ఇవన్నీ ఆ వేడి గదిలోనే వేసుకోవాలి కదా, బూట్ల లేసులు కట్టుకునేసరికి వీపు మీంచి చెమట ధారగా కారేది. మావారైతే కోటు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వీధి తలుపు దగ్గర వేసుకునేవారు. మ్యూజియానికెళ్ళినా హోటల్‌కెళ్ళినా గుమ్మంలోనే కోటు విప్పి గర్దెరోబ్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి, కోటుతో లోపలికొస్తే చెప్పులతో పూజగదిలోకి వచ్చినట్టు చూస్తారు.

బయట చలి ఉంది, లేదనను. మేమున్న రోజుల్లో అతి తక్కువ మైనస్ 27. మొదటి ఊపిరి పీల్చగానే ముక్కులోపల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అది వింతగా ఉంటుంది తప్ప బాధగా ఉండదు. కళ్ళజోడు మాత్రం పెద్ద శిక్ష, షాపులోకి అడుగుపెట్టగానే తెల్లగా పొగబట్టి రెండు నిమిషాలు గుడ్డిదాన్నే. గాలి లేకపోతే ఆ పొడి చలి తట్టుకోవచ్చు, గాలొస్తే మాత్రం ముఖం మీద బ్లేడు పెట్టినట్టే. అక్కడివాళ్ళని చూస్తే చలితో యుద్ధమేమీ చేస్తున్నట్టుండరు, పిల్లల్ని చిన్న స్లెడ్జి బండ్లమీద కూర్చోబెట్టి తాడు పట్టుకుని లాక్కుంటూ కబుర్లు చెప్పుకుంటూ కూరగాయలకెళ్తుంటారు.

అంత చలిలో ఊరి మధ్య నది గడ్డకట్టలేదని రాశారు. అచ్చుతప్పా?
- డిగ్రీ విద్యార్థి, నంద్యాల

అచ్చుతప్పు కాదు బాబూ. అంగారా నది ఊరి మధ్యలోంచి నల్లగా గలగలా పారుతూనే ఉంటుంది, పైనించి ఆవిర్లు కక్కుతూ. మన అంగారానికీ ఆ పేరుకీ చుట్టరికం ఏమీ లేదు గానీ పొద్దున్నే చూస్తే నిజంగా కింద ఎవరో పొయ్యి పెట్టినట్టే ఉంటుంది. కారణం ఏంటంటే ఊరికి ఎగువనే పెద్ద డ్యామ్ ఉంది, 1956లో మొదటి యూనిట్ తిరిగింది, దానివెనక రిజర్వాయర్ పైన మంచు గడ్డకట్టినా అడుగున నీళ్ళు సున్నాకి కాస్త పైనే ఉంటాయి, ఆ అడుగునీళ్ళే టర్బైన్లలోంచి వేగంగా వచ్చి ఊరు దాటేదాకా గడ్డకట్టే టైమే దొరకదు వాటికి. ఆ ఆవిరి వెళ్ళి గట్టుమీద చెట్లకి అంటుకుని ప్రతి రెమ్మా పంచదార చిలకలా తెల్లగా అయిపోతుంది. ఫిబ్రవరిలో అక్కడ ఎనిమిదిన్నరకి గానీ సూర్యుడు రాడు, మన టైముకన్నా వాళ్ళు రెండున్నర గంటలు ముందు, అలవాటు కొద్దీ నేను చీకట్లోనే లేచి కూర్చుని ఆ గట్టుకెళ్ళి ఎండ ఎక్కేదాకా నిలబడేదాన్ని. ఆ నల్లటి నీళ్ళలో బాతులు కూడా ఈదుతున్నాయి, వాటికి చెమటలు పట్టాయో లేదో తెలీదు.

ట్రాన్స్ సైబీరియన్ రైలెక్కామని ఒక్క లైనులో రాసి వదిలేశారు. 36 ఏళ్ళు రైల్వేలో చేసినవాణ్ణి, ఇది చాలా అన్యాయం మేడమ్.
- రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

తప్పయిపోయింది సార్. మాస్కో నుంచి ఇర్కుట్స్క్ దాకా 5,185 కిలోమీటర్లు మొత్తం రైల్లో వెళ్ళే ఓపిక లేక నొవొసిబీర్స్క్ దాకా ఫ్లైట్‌లో వెళ్ళి అక్కడ ఎక్కాం, అక్కణ్ణించి ఇంకా 1,850 కిలోమీటర్లు, ఒక రాత్రీ పగలూ దాటి మళ్ళీ రాత్రి. మీకు నచ్చే విషయాలు ముందు చెప్తాను. వాళ్ళ గేజ్ 1,520 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ 1,676, అంటే వెడల్పులో మనదే పైచెయ్యి. మాస్కో నుంచి వ్లదివోస్తోక్ దాకా లైను మొత్తం 2002లో కరెంటు లైనైపోయింది. కానీ మా బోగీలో వేడికి మాత్రం ఇంకా బొగ్గే, చివర చిన్న కొలిమి ఉంటుంది, బోగీ చూసుకునే ఆవిడ, ప్రవద్నీత్స అంటారు, తనే బొగ్గు వేస్తుంది, టికెట్లు చూస్తుంది, దుప్పట్లిస్తుంది, పెద్ద స్టేషన్లో ఆగగానే గడ్డపార పట్టుకుని దిగి బోగీ కింద పేరుకున్న మంచు కొట్టేస్తుంది. నలుగురి ఉద్యోగం ఒక్కతే.

మేం తీసుకున్నది ప్లత్స్‌కార్త్, మన స్లీపర్ క్లాసే అనుకోండి, సైడ్ బెర్తులతో సహా. కాకపోతే మిడిల్ బెర్త్ లేదు, బోగీకి 54 మందే. బోగీ చివర ఎప్పుడూ మరుగుతూ ఉండే నీళ్ళ బాయిలరు ఒకటుంటుంది, ఎవరికి కావల్సినంత వాళ్ళు పట్టుకోవడమే, అందరూ అందులోంచి నీళ్ళు పట్టి నూడుల్స్ డబ్బాల్లో పోసుకుంటుంటే మావారు రెడీమిక్స్ ఉప్మా పేకెట్ విప్పారు. కరివేపాకు వాసన బోగీ అంతా పాకింది. ఎదురు బెర్త్ పెద్దాయన ముక్కెగరేసి ఏదో అడిగాడు, మాకు అర్థం కాలేదు, ఒక స్పూను పెడితే తిని తల ఊపి తన సంచిలోంచి ఊరబెట్టిన దోసకాయ ఒకటి తీసిచ్చాడు, చెల్లుకి చెల్లు. టీ మాత్రం లోహపు తొడుగున్న గాజుగ్లాసులో ఇస్తారు, దాన్నీ వాళ్ళు చాయ్ అనే అంటారు, ఆ ఒక్క మాటకీ అనువాదం అక్కర్లేకపోయింది.

ఇంకొకటి. ఇర్కుట్స్క్‌లో పాత ఐస్‌బ్రేకర్ ఓడ 'అంగారా'ని మ్యూజియంగా పెట్టారు. బైకాల్ సరస్సు చుట్టూ లైను పడకముందు రైలుపెట్టెల్ని ఓడల్లో ఎక్కించి అవతలికి దాటించేవారట, ఈ అంగారా దానికి తోడు ఓడ, ఇంగ్లాండులో చేసి ముక్కలుగా తెచ్చి సరస్సు ఒడ్డున బిగించారు. 1904లో జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు శీతాకాలం ఆగలేక సరస్సు మంచుమీదే పట్టాలు పరిచి, ఇంజను బరువు కాయదని గుర్రాలతో వ్యాగన్లు లాగించారు. మీ సర్వీసులో ఇలాంటి డ్యూటీ ఎవరూ వేసుండరు లెండి.

మా అబ్బాయికి సైబీరియాలో ఒక ఊళ్ళో ఎంబీబీఎస్ సీటొచ్చింది. ఇప్పటికే హైదరాబాద్‌లో 20 వేలు పెట్టి స్వెటర్లు కొన్నాం. ఇంకేం పంపాలమ్మా?
- ఒక తల్లి, నరసరావుపేట

ఇక కొనడం ఆపండమ్మా ముందు. మన దగ్గర దొరికే జాకెట్లు మనాలీ టూరుకి కుట్టినవి, అక్కడి జనవరికి సరిపోవు, నేనూ ఇలాగే ఒక షాపువాడి మాట నమ్మి మైనస్ 30కి పనికొస్తుందన్న జాకెట్ కొని మొదటిరోజే గడగడ వణికి అక్కడ సంతలో ఇంకోటి కొనుక్కున్నాను. థర్మల్స్ రెండు జతలు, మంచి సాక్సులు పంపండి చాలు. కోటు, బూట్లు అక్కడికెళ్ళాక సీనియర్లతో వెళ్ళి కొనుక్కోమనండి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోమనండి, లోపల కాస్త గాలి ఉంటేనే కాలు వెచ్చగా ఉంటుంది, బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్ళు మొద్దుబారతాయి. అడుగుభాగం గరుగ్గా ఉండాలి, లేకపోతే నాలాగ బస్టాపులో పదిమంది ముందు వెల్లకిలా పడాల్సొస్తుంది.

బుగ్గమీదో ముక్కుమీదో తెల్లమచ్చ పడి స్పర్శ తెలీకపోతే వెంటనే లోపలికెళ్ళి నెమ్మదిగా వెచ్చబరచాలి, మంచుతో రుద్దడం లాంటివి అస్సలు చెయ్యకూడదు. ఫోను కోటు లోపలి జేబులో ఉండాలి, బయట పెడితే 60 శాతం ఉన్న చార్జింగు చూస్తుండగానే పోతుంది. పెద్ద బిల్డింగుల చూరు కింద నడవొద్దనండి, పైనించి మంచుగడ్డలు విరిగి పడతాయి, అక్కడక్కడ ఎర్రచారల రిబ్బను కట్టి ఉంచేది అందుకే. పచ్చళ్ళు, కందిపొడి, నెత్తికి కొబ్బరినూనె, ఇవి నేను చెప్పక్కర్లేదు. ఆ స్వెటర్లు హాస్టల్ గదిలో వేసుకుంటే మాత్రం ఉడికిపోతాడు మీవాడు, పైన చదివారు కదా.

మా తేలినీలాపురం కొంగలు ఏటా సైబీరియా నుంచే వస్తాయి. వాటి పుట్టిల్లు చూశారా?
- పాఠకుడు, టెక్కలి

మీరు కోప్పడనంటే ఒక మాట చెప్తాను. తేలినీలాపురంలో చింతచెట్లమీద గూళ్ళు కట్టేవి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, రెండూ మన దేశపు పక్షులే. సైబీరియా పక్షులని ఊళ్ళో ఆడపడుచుల్లా చూసుకుంటారని నాకూ తెలుసు, మా మేనత్తది ఆ పక్కే, కానీ గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేది ఇక్కడే అంటే పుట్టిల్లు మీ ఊరే అవుతుంది కదండీ. నిజంగా సైబీరియా నుంచి మన దేశానికి వచ్చింది తెల్ల సైబీరియా కొంగ, రాజస్థాన్ భరత్‌పూర్‌కి వచ్చేది, 2002 తర్వాత అదీ రాలేదు. నేను అక్కడ చూసినవి పైన చెప్పిన బాతులు, బోలెడు కాకులు, పిచ్చుకలు.

సైబీరియా అంటే మాకు ద్వీపాంతరవాసమే గుర్తొస్తుంది. విశాలాంధ్ర బుక్‌హౌస్‌లో ప్రగతి, రాదుగ ప్రచురణల తెలుగు పుస్తకాలు కొని పెరిగినవాళ్ళం. ఆ ఛాయలు ఇంకా ఉన్నాయా?
- పాఠకుడు, విజయవాడ

ఉన్నాయండి, కాకపోతే మనం ఊహించినట్టు సంకెళ్ళూ కొరడాలూ కాదు, పియానోలూ తెరలూ! 1825 డిసెంబరులో రష్యా చక్రవర్తి జార్ మీద తిరగబడ్డ సైనికాధికారుల్ని, వాళ్ళనే డిసెంబ్రిస్టులంటారు, ఐదుగుర్ని ఉరితీసి మిగతావాళ్ళని గనుల్లో కఠినశిక్షకి సైబీరియా పంపారు. వాళ్ళలో కొందరు శిక్ష ముగిశాక ఇర్కుట్స్క్‌లో ఇళ్ళు కట్టుకున్నారు. వొల్కోన్‌స్కీల ఇల్లు ఇప్పుడు మ్యూజియం. బూడిదరంగు చెక్క మేడ, లోపల నిలువుగా గోపురంలా ఉండే పియానో ఒకటుంది, ఎక్కడా అంత విడ్డూరమైన పియానో చూళ్ళేదు.

నాకు మాత్రం మగవాళ్ళ కథకన్నా ఆడవాళ్ళ కథే పట్టుకుంది. భర్తలవెంట వస్తే హోదా పోతుంది, పిల్లల్ని వదిలేసి రావాలి, సైబీరియాలో పుట్టే పిల్లలు మామూలు రైతుబిడ్డల కిందే లెక్క, ఇలాంటి షరతులు పెట్టినా సంతకాలు చేసి వచ్చేశారు. మరియా వొల్కోన్‌స్కయా అయితే ఏడాది నిండబోతున్న కొడుకుని అత్తవారింట వదిలి వచ్చింది, ఆ బిడ్డ రెండేళ్ళ వయసులో పోయాడు. మొదట బయల్దేరింది యెకతెరీనా త్రుబెత్‌స్కయా. ఆవిణ్ణి ఇర్కుట్స్క్‌లోనే నెలల తరబడి ఆపేసి వెనక్కి పొమ్మని గవర్నరు నానా విధాలా చెప్పి చూశాడట. 1854లో ఆవిడ ఇక్కడే పోయింది, ఇంకో రెండేళ్ళు బతికుంటే 1856 క్షమాభిక్ష చూసేది. జ్నామెన్‌స్కీ మఠం ఆవరణలో సమాధి ఉంది, ఇనప కటకటాల లోపల, మంచు తుడిచి ఎవరో రెండు ఎర్ర కార్నేషన్లు పెట్టి ఉంచారు. పక్కనుంచి వెళ్తున్న ఒక ముసలావిడ ఆగి దణ్ణం పెట్టుకుంది. మన వాళ్ళు సావిత్రి, దమయంతి అన్నట్టు ఆ ఊళ్ళో ఆ పేర్లు చెప్పుకుంటారు.

ఆ మఠం గేటు బయటే అడ్మిరల్ కొల్చాక్ విగ్రహం ఉంది. బోల్షివిక్కుల మీద పోరాడిన తెల్లసేనల నాయకుడు, 1920 ఫిబ్రవరి 7న ఈ ఊళ్ళోనే కాల్చేశారు. అదే ఊళ్ళో లెనిన్ విగ్రహమూ చెక్కుచెదరకుండా ఉంది, వీధులకి మార్క్స్ పేరూ లెనిన్ పేరూ అలాగే ఉన్నాయి. ఎవర్నీ పీకలేదు, అందర్నీ ఉంచేశారు. మీ పాత పుస్తకాల అభిమానానికి ఏది నచ్చుతుందో మీరే తేల్చుకోండి.

ఖర్చెంతయింది? వీసా, కార్డులు ఎలా? టూకీగా చెప్పండి.
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

ఈ-వీసా తీసుకున్నాం, ఇంట్లో కూర్చుని ఫోటో, పాస్‌పోర్టు అప్‌లోడ్ చేస్తే నాలుగు రోజుల్లో వచ్చింది, అప్పట్లో 16 రోజులే ఉండనిచ్చేవాళ్ళు. 2022 మార్చి నుంచి మన బ్యాంకులిచ్చే వీసా కార్డులు, మాస్టర్‌కార్డులు అక్కడ గీకినా పనిచెయ్యవు, కాబట్టి డబ్బంతా నోట్లుగా పట్టుకెళ్ళి మార్చుకోవాలి, ఆ నోట్లు నేను ఎక్కడ దాచానో మావారికి కూడా చెప్పలేదు. ఊళ్ళో ట్యాక్సీకి యాండెక్స్ యాప్, స్టేషన్ నుంచి బ్రిడ్జి దాటి సెంటర్లోకి ట్రాము. ఫుట్‌పాత్‌మీద ఆకుపచ్చ గీత ఒకటి గీసుంటుంది, ఐదు కిలోమీటర్లు, దాన్ని పట్టుకు నడిస్తే పాత ఊరంతా చూపిస్తుంది, మంచు పడ్డరోజున మాత్రం గీత కనపడదు!

ఒక వింత. అక్కడి కార్లలో చాలావాటికి స్టీరింగ్ మనలాగే కుడివైపు, జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చినవట, రోడ్డుమీద నడిచేది మాత్రం కుడిపక్కనే. డ్రైవరు ఫుట్‌పాత్ వైపు కూర్చుని ముందున్న లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే ఎదురొచ్చేది ముందు నాకు కనిపించేది, ఆయనకి కాదు. కళ్ళు మూసుకున్నాను.

శాకాహారులు ఆకలితో చచ్చిపోతారని మా బావగారు భయపెడుతున్నారు. నిజమా?
- పాఠకురాలు, తిరుపతి

మావారు శాకాహారి, రెండు కిలోలు పెరిగొచ్చారు. స్తలోవయ అని మన మెస్సుల్లాంటివి ఉంటాయి, ట్రే పట్టుకుని వేలు చూపిస్తే వడ్డిస్తారు. బంగాళాదుంప, క్యాబేజీ పెట్టి కాల్చిన పిరష్కీలు, అట్లలాంటి బ్లినీలు, గ్రేచ్క అని ఒక గోధుమరంగు గింజ అన్నం. సూపుల్లో మాత్రం మాంసం నీళ్ళుంటాయి, అడిగి తీసుకోవాలి. ఈస్టరుకి ముందు వాళ్ళ ఉపవాసాల కాలంలో వెళ్తే చాలా హోటళ్ళలో పోస్త్నయె మెన్యూ అని వేరే పెడతారు, అందులో మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు.

నేను తినేదాన్నే కాబట్టి అక్కడి పోజీ సంగతి చెప్పకుండా ఉండలేను. బైకాల్ చుట్టుపక్కల ఉండే బుర్యాత్ జనాల వంట, బూజీ అని అసలు పేరు, ఇర్కుట్స్క్‌వాళ్ళు పోజీ అంటారు. మన కుడుముకి పైన చిన్న కన్నం పెట్టి లోపల కైమా కూరి ఆవిరికి ఉడికించినట్టుంటుంది, లోపల కైమాతోపాటు రసం ఉంటుంది. ఫోర్క్ అడిగాను. వడ్డించే అమ్మాయి తల అడ్డంగా ఊపి చేత్తో తినమని సైగ చేసింది, చేత్తో తినమని పరాయిదేశంలో ఒకరు నాకు చెప్పడం అదే మొదటిసారి! ముందు అంచు కొరికి రసం జుర్రుకుని తర్వాత తినాలట, నాకు తెలీక సగానికి కొరికాను, ఆ మరిగే రసం గడ్డం మీంచి స్వెటర్లోకి కారింది. నాలిక మూడురోజులు మండింది.

బైకాల్ గురించి రెండు ముక్కలే రాశారు. గడ్డకట్టిన సరస్సుమీద నడిస్తే భయం వెయ్యలేదా?
- టీచరు, భీమవరం

వేసిందండీ, బాగానే వేసింది. లోతు 1,642 మీటర్లు, ప్రపంచంలో అంత లోతైన సరస్సు ఇంకోటి లేదు, భూమి పైభాగాన ఉన్న గడ్డకట్టని మంచినీటిలో ఐదోవంతు అందులోనే ఉందంటారు. పొడవు 636 కిలోమీటర్లు, మన కొల్లేరు లెక్కలు పక్కన పెట్టెయ్యండి. జనవరిలో గడ్డకట్టి మే దాకా ఉంటుంది.

ముందురోజు 70 కిలోమీటర్ల దూరంలో లిస్త్‌వ్యాంక అనే ఊరెళ్ళాం, అంగారా సరస్సులోంచి బయటపడే చోటు. అక్కడ నీళ్ళ మధ్య ఒక రాయి తలెత్తి ఉంటుంది, దాని కథ ఇది: బైకాల్ తండ్రికి 336 మంది కొడుకులు, అంటే వచ్చి కలిసే నదులన్నమాట, కూతురు అంగారా ఒక్కతే. ఆ పిల్ల యెనిసేయి నదిని ప్రేమించి రాత్రికి రాత్రి లేచిపోతే తండ్రి కోపంతో కొండ పెళ్ళగించి విసిరాడట, అదే ఆ రాయి. కథ చెప్పిన డ్రైవరుకి ముగ్గురు కూతుళ్ళు.

తర్వాత సరస్సులోనే ఉన్న ఓల్ఖోన్ ద్వీపానికి, దాదాపు 300 కిలోమీటర్లు. చివర్లో బుఖాన్క అనే వ్యానులోకి మారాం, రొట్టె ఆకారంలో ఉంటుందని ఆ పేరు. సరస్సు అంచుకొచ్చాక డ్రైవరు వెనక్కి తిరిగి అందర్నీ సీటుబెల్టులు తియ్యమన్నాడు. పెట్టుకోమని కాదు, తియ్యమని! మంచు విరిగితే దూకెయ్యడానికి. నేను మావారి మోచెయ్యి పట్టుకుని ఆంజనేయ దండకం ఎత్తుకున్నాను, వ్యాను నెమ్మదిగా మంచుమీదకి దిగింది, స్పీడెక్కువైతే కింద నీళ్ళలో అల లేచి మంచు పగులుతుందట, అందుకే ఆ నత్తనడక.

మధ్యలో దిగాం. గాలి మంచుపొడిని ఊడ్చేసిన చోట అద్దంలా ఉంది. మోకాళ్ళమీద కూర్చుని గ్లవ్‌తో తుడిచి చూశాను. మీటరు దాకా మందం ఉంటుంది, అంతా కనిపిస్తోంది, తెల్లటి గాలిబుడగలు ఒకదానిమీద ఒకటి రూపాయి బిళ్ళలు పేర్చినట్టు ఆగిపోయి ఉన్నాయి, వాటి పక్కనుంచి ఒక పగులు తెల్లటి పరదాలా కిందికి దిగిపోయింది, దాని కింద అంతా నలుపు. అంతలో ఎక్కడో దూరంగా ఢామ్మని మొదలై మా కాళ్ళకింది నుంచే అవతలికి పరిగెత్తిందొక చప్పుడు. నేను గబుక్కున లేవబోయి జారి కూలబడ్డాను. మంచు రాత్రీ పగలూ తేడాకి సర్దుకుంటుంటే అలా అరుస్తుందట, అరిస్తే మంచిదే అంటాడు డ్రైవరు. ఫోను తీసి ఫోటో తియ్యబోతే చచ్చి ఊరుకుంది, అందుకే మీకు ఆ బుడగల ఫోటో వెయ్యలేకపోయాను.

ద్వీపంలో షమాన్ రాయి (షమాన్ అంటే అక్కడి పూజారి) దగ్గర పదమూడు చెక్కస్తంభాలకి రంగురంగుల గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి, కాళ్ళ దగ్గర చిల్లరనాణేలు. మన ఊళ్ళో రావిచెట్టుకి ముడుపు కట్టడమే. పర్సులో ఉన్న ఐదురూపాయల బిళ్ళ నేనూ వేసి దణ్ణం పెట్టుకున్నాను. ఓముల్ చేప తినమని చాలామంది చెప్పారు, పొగబెట్టి అమ్ముతారు, చాలా రుచి. కాకపోతే తగ్గిపోతోందని 2017లో వ్యాపారానికి పట్టడం నిషేధించారని తెలిశాక రెండోసారి కొనబుద్ధి కాలేదు.

ఆంటీ, ఫోటోలో మీ వెనక నల్లపులి నోట్లో ఏదో పట్టుకుని ఉంది. దానికి బాతుకాళ్ళెందుకున్నాయి?
- ఎనిమిదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

శెభాష్, ఇంతమందిలో నువ్వొక్కదానివే గమనించావు తల్లీ! అది ఊరి గుర్తు, పేరు బాబ్ర్, అంటే అక్కడి పాత మాటలో పులి. నోట్లో ఉన్నది సేబుల్, దాని బొచ్చుకోసమే ఒకప్పుడు రష్యావాళ్ళు సైబీరియా దాకా వచ్చి 1661లో ఇక్కడ కోట కట్టారు. తర్వాతెప్పుడో పైన ఆఫీసుల్లో ఎవరో బాబ్ర్ అన్న మాట చూసి బోబ్ర్ అనుకున్నారు, బోబ్ర్ అంటే నీళ్ళలో తిరిగే బీవర్, దాంతో పులికి బీవర్ తోకా, ఈతకాళ్ళూ తగిలించేశారు. ఒక్క అక్షరం. మీ టీచరు ఒత్తులు దిద్దుకోమంటే విసుక్కోకు.

ఆవకాయ పట్టుకెళ్ళారా లేదా? అదొక్కటి చెప్పండి చాలు.
- ముగ్గురు పాఠకులు, వేర్వేరు ఊళ్ళ నుంచి

పట్టుకెళ్ళకుండా ఉంటానా! వేడిగదిలో ఎందుకని ఇంటావిడ ఆ సీసా తీసుకెళ్ళి అద్దాల బాల్కనీలో పెట్టింది, వాళ్ళకి అదే ఫ్రిజ్. పొద్దున్నే చూస్తే నువ్వులనూనె కొవ్వొత్తిలా బిగుసుకుపోయింది, చెంచా దిగలేదు. తెచ్చి రేడియేటర్ మీద పెట్టాం. గంటకి కరిగి వంటగదంతా ఆవఘాటు. ఆవిడ వాసన చూసి, మేం వద్దువద్దంటున్నా వినకుండా పెల్మెనీ అనే మాంసం కుడుముల ప్లేటులో మీగడలాంటి స్మెతాన పక్కన ఒక ముక్క వేసుకుని కొరికింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచెళ్ళి ఫోర్తచ్క తెరిచింది, ఏప్రన్‌తో నుదురు తుడుచుకుంటూ వచ్చి కూర్చుని రెండో ముక్క వేసుకుంది.